రాజీ ఎవరి మధ్య?

"కోర్టుల చుట్టూ తిరిగి అరిగిపోయేకన్నా ఊళ్లోనే కూచుని మాట్లాడుకుంటే పోదా?" దాడి జరిగిన రెండు మూడు రోజులకే వాడలోకి వచ్చే మాట ఇది. తెచ్చేవాళ్లు ఊరి పెద్దమనుషులు. చట్టం భాషలో ‘ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం’ అనేదీ ఇదీ ఒకటేనా? తేల్చుకోవాల్సిన అవసరం మనకుంది.

లోక్ అదాలత్‌ని మొత్తంగా కాదనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. ప్రమాద పరిహారం, బాకీ తగాదా లాంటి కేసులు అక్కడ తేలితే బీదవాడికి మేలే. కోర్టులో కట్టిన ఫీజు కూడా తిరిగొస్తుంది. అయితే ఆ తీర్పు మీద అప్పీలు లేదు. అంటే న్యాయమంతా ఇరుపక్షాల ఒప్పుకోలు మీదే నిలబడింది. ఆ ఒప్పుకోలు ఎలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

కూలి, కౌలు చేను, పశువుల మేత, చెరువు నీళ్లు అన్నీ అవతలివాడి చేతిలో ఉన్నప్పుడు ఇవతలివాడు వేసే వేలిముద్రను అంగీకారం అనొచ్చా? రాజీ సిద్ధాంతం ఇద్దరు సమానుల్ని ముందే ఊహించుకుంటుంది. కులం ఆ సమానత్వాన్నే ఒప్పుకోదు. ఊరిని ఆదర్శంగా మోసినవాళ్లతో అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో విభేదించడం ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

1989 అత్యాచారాల నిరోధక చట్టం కింది నేరాలు రాజీకి వీల్లేనివి. కాబట్టి అవి లోక్ అదాలత్ పరిధిలోకీ రావు. మరి రాజీలు ఆగాయా? ఆగలేదు, చాటుకి పోయాయి. బాధితుల మీద ఎదురు దొంగతనం కేసు పెడతారు. ‘మీది మీరు తీసుకోండి, మాది మేం తీసుకుంటాం’ అంటారు. సాక్షి బోనెక్కి ‘నేను చూళ్లేదు’ అంటాడు. కేసు వీగిపోతుంది. తర్వాత దాన్నే చూపించి, దళితులవన్నీ అబద్ధపు కేసులని ప్రచారం చేస్తారు.

2021లో రామావతార్ కేసులో సుప్రీంకోర్టు, తగాదా ప్రధానంగా ప్రైవేటుదైతే, రాజీ స్వచ్ఛందమైతే, ఈ చట్టం కింది కేసునూ కొట్టేయొచ్చంది. ఒత్తిడి ఉందేమో చూడాలనీ చెప్పింది. కానీ మన ఊళ్లలో గట్టు తగాదా ఎక్కడిదాకా ప్రైవేటుది, ఎక్కణ్ణుంచి కులానిది?

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అక్కడి జనం కోర్టునే ఊళ్లోకి రమ్మన్నారు, రప్పించారు. చుండూరులోనే విచారించిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. పదహారేళ్ల నిరీక్షణకు దక్కిందది. కాబట్టి కోర్టే స్వర్గమని ఎవరూ అనరు. అయినా చుండూరు ఒక దారి చూపింది: దూరపు కోర్టుకి ప్రత్యామ్నాయం కావాలంటే రచ్చబండ దగ్గరికి పోనక్కర్లేదు, కోర్టునే వాడ దగ్గరికి తేవచ్చు.

రాజీ కాయితం ఎదురైనప్పుడు కార్యకర్తలు ముందుగా అడగాల్సింది ఒక్కటే. సంతకం పెట్టకపోతే రేపు ఇతనికి కూలి దొరుకుతుందా? దొరకదంటే అది వెలివేత బెదిరింపే. 2015 సవరణ ప్రకారం ఆ బెదిరింపే ఇంకో నేరం. దానికీ కేసు పెట్టాలి.