కల్కి చిత్రము: హాలులోని ఈలలు, హాలులోని నిశ్శబ్దము

ఒక సినిమా గెలిచినదా ఓడినదా అని తేల్చుటకు మనవారు వాడు కొలబద్దలలో ఈల ముఖ్యమైనది. "హాలు దద్దరిల్లినది" అన్నచో చిత్రము గెలిచినట్లు; "జనము కిక్కురుమనలేదు" అన్నచో ఓడినట్లు. 2024 జూన్ 27న విడుదలైన "కల్కి 2898 ఏ.డి." చిత్రమును గురించి ఈ రెండు మాటలును వినవచ్చినవి. పూర్వార్ధమున జనము చల్లబడినారనియు, చివరి అరగంటలో హాలు లేచి నిలిచినదనియు చూచినవారు చెప్పుకొన్నారు. దీనిని బట్టి పూర్వార్ధము చెడ్డది, చివరి భాగము మంచిది అని చాలమంది తీర్మానించినారు. భౌతికశాస్త్రము బోధించువారికి ఇచ్చట ఒక సందేహము రావలెను. కొలత ఎంత అని అడుగుటకు ముందు, ఈ పరికరము కొలుచునది దేనిని అని అడుగవలెను గదా!

చిత్రమును చూడనివారి కొరకు రెండు మాటలు. నాగ్ అశ్విన్ దర్శకత్వమున వైజయంతీ మూవీస్ వారు నిర్మించిన ఈ చిత్రము కురుక్షేత్ర యుద్ధము చివర మొదలై, కాశీ ఒక్కటే నగరముగా మిగిలిన భవిష్యత్తునకు దూకును. అచ్చట గంగ ఎండిపోయినది. నగరముపై తలక్రిందులైన పిరమిడ్ ఒకటి ఆకాశమున నిలిచి యుండును. దాని పేరు కాంప్లెక్స్. నీరు, పచ్చదనము, మంచి ఆహారము అన్నియు దానిలోనే ఉన్నవి. పది లక్షల యూనిట్లు కూడబెట్టినవానికే లోనికి ప్రవేశము. అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్, భైరవుడుగా ప్రభాస్, సుమతిగా దీపికా పదుకొణె, యాస్కిన్‌గా కమల్ హాసన్ నటించినారు. ఇది ఒక వీరుని కథ కాదు, వీరుల గుంపు కథ.

పేరులోని అంకెను కూడ గమనింపవలెను. సంప్రదాయ గణనలో కలియుగారంభము క్రీస్తుపూర్వము 3102. దానికి 2898 కలిపినచో 6,000. (క్రీస్తుశకములో సున్నా సంవత్సరము లేదు గనుక ఖచ్చితముగా లెక్కించినచో 5,999 వచ్చును, ఈ లెక్కను పిల్లలచేత చేయించుట మంచిది.) అదే సంప్రదాయము కలియుగమునకు 4,32,000 సంవత్సరములు ఇచ్చినది. అనగా కల్కిని చిత్రకారులు నాలుగు లక్షల ఏండ్లకు పైగా ముందే పిలిపించినారు. హాలులో ఎవరును ఆక్షేపింపలేదు. కథకు ఆపాటి స్వేచ్ఛ ఉండవలసినదే.

మా జహీరాబాదు హైదరాబాదు-ముంబయి రహదారిపై, కర్ణాటక సరిహద్దునకు దగ్గరగా ఉన్న పట్టణము. జనము గుమికూడిన చోట తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినబడును. ఈ చిత్రమును ఇచ్చట రెండుసార్లు చూచినాను: విడుదలైన వారములో ఒకసారి, జనము పలుచబడిన తరువాత ఒకసారి. మొదటిసారి ఈలలు ఎచ్చట పడినవి? భైరవుడు మొదట కనబడినప్పుడు. దర్శకులు రాజమౌళి, రాంగోపాల్ వర్మల ముఖములు తళుక్కుమన్నప్పుడు. అర్జునుడుగా విజయ్ దేవరకొండ వచ్చినప్పుడు. చివర కర్ణుని రూపమున ప్రభాస్ నిలిచినప్పుడు. అశ్వత్థామ లేచి నిలువగానే మూడు భాషలవారును కలిసి కేకలు వేసినారు. బుజ్జి అను కారునకు కూడ ఈలలు పడినవి. ఆ కారును మహీంద్రా, కోయంబత్తూరు జయెం సంస్థల తోడ్పాటుతో నిజముగానే నిర్మించినారు. మా ఊరిలో మహీంద్రా కర్మాగారము ఉన్నది గనుక, దానికి పడిన ఈల కొంతవరకు స్వగ్రామాభిమానపు ఈల!

గంగ ఎండిన చోట మాత్రము ఒక్క ఈలయు లేదు.

తెలిసిన ముఖమునకు ఈల వేయుట చూచి నవ్వువారు కలరు. వారితో నేను ఏకీభవింపను. యక్షగానములలో, కూచిపూడి భాగవతములలో పాత్రకు ప్రవేశ దరువు అనునది ఉన్నది. ఇద్దరు తెర పట్టుకొని నిలిచినప్పుడే, వచ్చునది ఎవరో ఊరివారికి తెలియును. అయినను పాత్ర తానెవరో పాడి చెప్పవలెను, జనము సంతోషింపవలెను. పౌరాణిక నాటకములలో "వన్స్ మోర్" అను కేక అందరికి వచ్చిన పద్యమునకు పడినది గాని రాని పద్యమునకు పడలేదు. ఈ చిత్రములోనే దీనికి మంచి నిదర్శనము ఒకటి ఉన్నది. కృష్ణుని ముఖమును దర్శకుడు చీకటిలోనే ఉంచినాడు. అప్పుడు హాలులో ఈలలు లేవు, "ఎవరు? ఎవరు?" అను గుసగుసలు మాత్రము వినబడినవి. గుర్తుపట్టుటకు వీలు లేనిచోట ఈల పుట్టలేదు. కాబట్టి ఈల కొలుచునది పరిచయమును. కథ బాగున్నదా, ఆలోచన తలకెక్కినదా అను సంగతులు ఆ పరికరమునకు అందవు.

పరిచయమును కూడ అది సరిగా కొలువదు. వేళ్లు నోట పెట్టి వేయు ఈలలో కంపనములు సెకనుకు రెండు మూడు వేలు ఉండును. మన చెవి మిక్కిలి చురుకుగా పట్టుకొను పౌనఃపున్యములు కూడ సుమారు రెండు వేలనుండి ఐదు వేల వరకే. పైగా ఈలలోని శక్తి అంతయు ఒక సన్నని పట్టీలో చేరి యుండును. మాటల గుసగుస అనేక పౌనఃపున్యములపై చెదరిపోవును. అందువలన పదిమంది ఈలలు మూడువందల మంది మౌనమును సులభముగా కప్పివేయగలవు. ఈల వేయువారు పదినుండి నూరుగురైనచో ధ్వని తీవ్రత పది రెట్లగును. కాని చెవికి రమారమి రెండింతలుగా తోచును. ఇట్టి చెవితో ప్రేక్షకుల మతమును లెక్కించుట, కన్నులు మూసికొని ధాన్యము కొలుచుట వంటిది.

చప్పట్ల సంగతి ఇంకను చిత్రమైనది. నేడా, బరాబాసి మొదలగు శాస్త్రజ్ఞులు రుమేనియా, హంగరీ దేశముల నాటకశాలలలో కరతాళధ్వనులను నమోదు చేసి, 2000వ సంవత్సరమున "నేచర్" పత్రికలో ఫలితములను ప్రకటించినారు. మొదట ఎవరి చప్పట్లు వారివి. కొంతసేపటికి, ఎవరును ఆజ్ఞాపింపకయే, అందరును ఒకే తాళములో పడుదురు. ఇట్లు పడుటకు ముందు ప్రతివాడును తన వేగమును సుమారు సగమునకు తగ్గించుకొనును. నెమ్మదిగా చరచునప్పుడు మనిషికి మనిషికి గల వేగభేదము తగ్గును గనుక ఏకతాళము సాధ్యమగును. కాని చప్పట్ల సంఖ్య తగ్గుటచే మొత్తము ధ్వని తగ్గును. ఉత్సాహము చాలదని జనము మరల వేగము పెంచుదురు, తాళము చెదరిపోవును. 1665లో హైగెన్స్ ఒకే దూలమునకు వ్రేలాడదీసిన రెండు గడియారముల లోలకములు పొత్తు కుదుర్చుకొనుటను చూచినాడు. ఆ జాతి విషయమే ఇది. నలుబది మంది పిల్లలు, ఒక గడియారము ఉన్నచో ఏ తరగతిలోనైనను పరీక్షించి చూడవచ్చును. ఇచ్చట మనకు కావలసిన సంగతి ఒక్కటే: తాళము కుదిరినంత మాత్రమున అభిప్రాయములు కుదిరినవని చెప్పరాదు. గడియారములకు అభిప్రాయములు లేవు గదా!

మరి నిశ్శబ్దమును కొలుచుట ఎట్లు? జర్మనీలోని మైంట్స్ నగరమున జొనాథన్ విలియమ్స్, ఆయన సహచరులు సినిమా హాలు నుండి వెలువడు గాలిని పరీక్షించి 2016లో ఫలితములను ప్రకటించినారు. 16 చిత్రములు, సుమారు 9,500 మంది ప్రేక్షకులు. ఉత్కంఠ కలిగించు ఘట్టములలో గాలిలో బొగ్గుపులుసు వాయువు, ఐసోప్రీన్ అను పదార్థము పెరిగినవి. ఊపిరి బిగబట్టి, కండరములు బిగించి కూర్చున్నవారి దేహములనుండి అవి వెలువడినవి. ఒకే చిత్రమును వేర్వేరు జనములు చూచినను అవే ఘట్టములలో అవే పెరుగుదలలు కనబడినవి. నోరు మెదపని హాలు కూడ ఏదో చెప్పుచునే యున్నదన్నమాట.

మెదడును పరిశీలించినవారు మరియొక హెచ్చరిక చేసినారు. యూరీ హాసన్, ఆయన సహచరులు 2008లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, హిచ్‌కాక్ తీసిన ఒక టెలివిజన్ కథను చూచినవారి మెదడు పైపొరలో 65 శాతము వరకు ఒకరితో ఒకరికి పోలిన స్పందన కనబడినది. ఒక పార్కులో కెమెరాను కదలక ఉంచి తీసిన దృశ్యమునకు అది 5 శాతమునకు లోపే. నేర్పరియైన దర్శకుడు వేలమంది దృష్టిని ఒక్కచోటికి లాగగలడు. అయితే దృష్టి ఒక్కటైనప్పుడు ఆలోచన కూడ ఒక్కటే అగునా అను ప్రశ్న అట్లే మిగిలినది.

ఇప్పుడు మరల "కల్కి"కి వత్తము. రెండవసారి చూచినప్పుడు ఈలలు లేవు. భైరవునకు అశ్వత్థామకు జరుగు పెద్ద పోరాటములో నా ముందు వరుసలోని కుర్రవాళ్లు సెల్‌ఫోనులు చూచుకొన్నారు. కాంప్లెక్సులోని పచ్చని చెట్లు, సముద్రము తెరపై పరచుకొన్నప్పుడు తలలు పైకెత్తినారు. మొదటి వారములో చల్లబడిన భాగమని జనము చెప్పినది ఇదియే. చల్లబడుట వేరు, చూచుట వేరు. వర్షము పైననే ఆధారపడి కందులు, జొన్నలు పండించు ఇండ్లనుండి వచ్చిన పిల్లలకు ఎండిన నది కొత్త దృశ్యము కాదు. కేక వేయవలసిన దృశ్యము అంతకన్న కాదు.

నాకు దర్శకునిపై ఫిర్యాదు ఇచ్చటనే ఉన్నది. సుమారు మూడు గంటల చిత్రములో, నీరు లేని నగరమున మనుష్యులు ఒక దినము ఎట్లు గడుపుదురో చూపుటకు ఆయన తగినంత వ్యవధి ఇవ్వలేదు. ఈలలు ఎచ్చట పడునో తెలిసిన చేయి, ఈలలు పడని చోటినుండి తొందరగా జరిగిపోయినది. ప్రయోగశాల అనగానే స్త్రీలను బంధించి గర్భములనుండి రసము తీయు చోటుగా చూపుట మరియొక లోపము. మన తెరమీద శాస్త్రజ్ఞుడు క్రూరుడు గాని వెర్రివాడు గాని కావలెనను ఆచారము ఎప్పటిదో! ఈ చిత్రమునకు సలహాలిచ్చిన సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో తీసిన "ఆదిత్య 369"లో కాలయంత్రమును చేసిన ఆచార్యుడు సౌమ్యుడు; ఆయనను చూచి భయపడిన పిల్లలు లేరు.

ఒక విషయములో మాత్రము "కల్కి" తనకన్న చాల పెద్ద ఖర్చుతో తయారైన విదేశీ చిత్రమును మించినది. 2018లో తెలుగులో కూడ వచ్చిన "అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్"లో థానోస్ అను ప్రతినాయకునికి రానా దగ్గుబాటి గొంతు ఇచ్చినారు. వనరులు చాలవు గనుక జీవులలో సగమును రూపుమాపవలెనని వాని వాదము. వీరులలో పలువురు ధూళియై రాలిపోవు ముగింపున హాళ్లు నిశ్శబ్దమైనవి. "వాడు చెప్పినది నిజమే గదా సార్" అని నాతో అన్న విద్యార్థులు ఒకరిద్దరు కారు. ఆ నిశ్శబ్దములో ఈ ఆలోచన వారికి ఎక్కినది! లెక్క చూతము. 2018లో ప్రపంచ జనాభా సుమారు 760 కోట్లు. సగము 380 కోట్లు. ఇది 1971-72 ప్రాంతపు జనాభా. అనగా ఇంతటి సంహారము చేసియు వాడు కాలమును ఒక అర్ధశతాబ్దము మాత్రమే వెనుకకు త్రిప్పినాడు. 1971లో ఆకలి లేదా? ఉన్నది. "కల్కి" ఈ పొరపాటు చేయలేదు. యాస్కిన్ లోకములో మనుష్యులు తక్కువయే. ఉన్న నీరు మాత్రము పైకి పోయినది. కొరత లెక్కలో లేదు, పంపకములో ఉన్నది.

దీనిని పట్టుకొన్నది మా ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకడు. "కాంప్లెక్సులో సముద్రము, అడవి అన్నియు ఉన్నవి గదా సార్, తలుపులు మూసికొని వారి బ్రతుకు వారు బ్రతుకరాదా? కాశీమీదనే ఎందుకు నిలువవలెను?" అని అడిగినాడు. చిత్రము దీనికి జవాబు చెప్పలేదు గాని అరిజోనా ఎడారి చెప్పినది. అచ్చట "బయోస్ఫియర్ 2" అను అద్దాల కట్టడములో, మూడెకరములకు కొంచెము పైగా ఉన్న చోట, చిన్న అడవి, పొలము, కృత్రిమ సముద్రము ఏర్పరచి 1991 సెప్టెంబరులో ఎనమండుగురిని లోన ఉంచి మూసినారు. గాలిలో 20.9 శాతము ఉండవలసిన ప్రాణవాయువు పదహారు నెలలలో సుమారు 14.5 శాతమునకు పడిపోయినది. సారవంతమైన మట్టిలోని సూక్ష్మజీవులు దానిని వాడుకొని బొగ్గుపులుసు వాయువును విడిచినవి. ఆ వాయువును గోడల కాంక్రీటు పీల్చుకొన్నది. 1993 జనవరిలో బయటినుండి ప్రాణవాయువు పంపవలసి వచ్చినది.

ఈ సంగతి తరగతిలో చెప్పగానే, మంజీర ఒడ్డు గ్రామమునుండి వచ్చు విద్యార్థిని ఒకతె సింగూరు జలాశయము మాట ఎత్తినది. ఆ నీరు దశాబ్దములుగా గొట్టముల వెంట హైదరాబాదునకు పోవుచున్నది. ఏటికి ఎంత పోవును, ఈ ప్రాంతపు పొలములకు ఎంత అందును, ఎంత ఆవిరియగును అని ఆమె ప్రశ్న. లెక్కకు కావలసిన అంకెలను నీటిపారుదల శాఖవారి నుండి తెప్పించుకొనుటకు నలుగురు విద్యార్థులు ఉత్తరము వ్రాసినారు.