నగరము లేని నగర దర్శనము

యాత్రా రచనను గూర్చి తెలుగులో వెలసిన విమర్శ స్వల్పము. కావ్యమునకు, నాటకమునకు, నవలకు లక్షణములు నిరూపించిన విమర్శకులు యాత్రా గ్రంథము దగ్గరకు వచ్చుసరికి రచయిత ఎన్ని దేశములు తిరిగెనో, శైలి ఎంత సుగమముగా నున్నదో చెప్పి ఊరకుందురు. అందలి కథ ఎవరు కూర్చినది అని అడుగుట అరుదు. విదేశ పర్యటనలలో తరచుగా కనబడు ఒక అధ్యాయమునకు ఈ ప్రశ్న విశేషించి చెల్లును. రచయిత రాజధానీ నగరమున దిగును. మరునాటి ఉదయము బండి వచ్చును. గైడు వెంట ఒక పగలెల్ల తిరిగి చూడదగినవన్నియు చూచును. ఆ పగటిని అతడు తన అనుభవముగా వ్రాయును. వాస్తవమున కది అతడు రాకముందే సిద్ధమైయున్న కథనము. దానికొక ఎన్నిక కలదు, ఒక క్రమము కలదు, ఒక పదజాలము కలదు. ఈ మూడింటిని పరీక్షింపక వ్రాసినవాడు రచయిత కాడు, లేఖకుడు.

కెన్యా రాజధానియగు నైరోబీ ఇందులకు తగిన ఉదాహరణము. ఒక్క రోజు వ్యవధి గల అతిథికి అచ్చట అలవాటుగా చూపు వరుస ఇది. తెల్లవారుచుండగనే నేషనల్ పార్కు. 1946లో ఏర్పడిన ఈ వనము వైశాల్యము 117 చదరపు కిలోమీటర్లు. దక్షిణమున తప్ప తక్కిన దిక్కుల కంచె కలదు. ఖడ్గమృగము మేయుచుండగా దాని వీపు వెనుక పట్టణపు మేడలు కనబడుట లోకమున మరెక్కడనో సులభముగా దొరకు దృశ్యము కాదు. పదకొండు గంటలకు, తల్లులను కోల్పోయిన ఏనుగు గున్నలకు పాలు పట్టు శాల. తరువాత జిరాఫీల కేంద్రము. ఎత్తైన అరుగు మీద నిలిచి వానికి చేతితో మేత పెట్టవచ్చును. మధ్యాహ్నము కారెన్ అను పేటలో డేనిష్ రచయిత్రి కారెన్ బ్లిక్సెన్ నివసించిన ఇల్లు. సాయంకాలము పూసల దండలు, కొయ్య బొమ్మలు కొనుట. అంతటితో పగలు ముగియును.

ఈ వరుసలో లోపించినదేదో గమనింపవలెను. 2019 జనాభా లెక్కల ప్రకారము నైరోబీలో 43 లక్షల 90 వేలకు పైగా జనులున్నారు. అతిథి ఆ నాడు సింహమును చూచెను, ఏనుగును చూచెను, జిరాఫీని తాకెను, ఎన్నడో వెడలిపోయిన ఒక ఐరోపా స్త్రీ పడకగదిని చూచెను. పట్టణమును మాత్రము బండి కిటికీనుండి, వాహనముల రద్దీగా చూచెను. పైన చెప్పిన తావులన్నియు నగరమునకు దక్షిణమున, నైరృతి దిక్కున ఉండుటచే ఒక్క పగటిలో అమరినవి. ఈ సౌకర్యము నిజమే. కాని సౌకర్యము కూడ ఒక అర్థమును కల్పించును. మొదట మృగములు, పిదప తెల్లవారి ఇల్లు, చివరకు అమ్మకపు వస్తువులు: ఈ క్రమమున చదువుకొన్న దేశములో మనుష్యులకు చోటు ఎక్కడ?

ఈ క్రమము వెనుక ఒక పుస్తకమున్నది. కారెన్ బ్లిక్సెన్ 1914లో ఆ దేశమునకు వచ్చి కాఫీ తోట పెట్టి, అది నష్టపడగా 1931లో స్వదేశమునకు మరలినది. 1937లో ఆమె వ్రాసిన ‘ఔట్ ఆఫ్ ఆఫ్రికా’ జగత్ప్రసిద్ధమైనది. 1985లో చలనచిత్రమైనది. ఆ మరుసటి యేడు, అనగా 1986లో, ఆమె ఇల్లు మ్యూజియముగా తెరవబడినది. చిత్రమును చూచినవారు ఇల్లు చూడవచ్చిరి. ఇల్లు చూచినవారు తాము చదివిన ఆఫ్రికానే కిటికీలోనుండి మరల చూచిరి. బ్లిక్సెన్ వాక్యమునందలి సొంపును కాదనవలసిన పని లేదు. ఆ కొండలను, ఆ గాలిని, పోగొట్టుకొన్న స్థలమును గూర్చిన విషాదమును ఆమె వలె వ్రాసినవారు కొలదిమందియే. అయితే ఆ పోగొట్టుకొన్న స్థలము మొదట ఎవరిది అను ప్రశ్నను ఆ సొంపు మాటుపరచును. గూగీ వా థియోంగో ఈ విషయమునే పట్టుకొని, ఆఫ్రికనులను పెంపుడు మృగముల సరసన నిలిపిన చూపు ఆ గ్రంథమున నున్నదని తీవ్రముగా ఖండించెను. 1993లో వెలువడిన ఆయన వ్యాస సంపుటములో వంటవానిని, కుక్కను ఒక్క గాటను కట్టిన ఆ దృష్టిని గూర్చి ప్రత్యేకముగా ఒక వ్యాసమే కలదు. ఆ వంటవాడు కమాంటే. అతడు చెప్పిన కథలు 1975లో వేరొక పుస్తకముగా వచ్చినవి. ఇంటిని చూచి వచ్చి వ్రాయువారు యజమానురాలి పుస్తకముతో పాటు వంటవాని పుస్తకమును కూడ పేర్కొనినచో ఆ అధ్యాయము రెట్టింపు విలువ పొందును.

గైడు చూపనివి దూరమున లేవు. నగర మధ్యమున మెక్మిలన్ గ్రంథాలయము కలదు. 1931లో రాతి స్తంభములతో కట్టిన ఈ భవనమునకు వాకిట రెండు రాతి సింహములు కాపున్నవి. 1958 వరకు తెల్లవారు తప్ప అన్యులు అందు పుస్తకము తెరచుటకు వీలులేకపోయెను. గ్రంథాలయోద్యమమును ఎరిగిన తెలుగు పాఠకునకు ఈ ఒక్క సంగతి వనములోని పది సింహముల కంటె ఎక్కువ బోధించును. కొలది దూరములో కిమాతీ వీథి మీద దేదాన్ కిమాతీ విగ్రహము. భూమి కొరకు బ్రిటిషువారితో పోరాడిన ఈ నాయకుని 1957 ఫిబ్రవరి 18న కామితి కారాగారమున ఉరితీసి, గుర్తు లేని గోతిలో పూడ్చిరి. విగ్రహము నెలకొన్నది 2007లో. దేశము స్వతంత్రమైనది 1963లో. నడుమ నలువది నాలుగేండ్లు కలవు. ఒక జాతి తన వీరుని వీథిలో నిలుపుటకు అంత కాల మెందులకు పట్టెనని అడిగిన యాత్రికునకు ఆ దేశ చరిత్రలోని రెండవ భాగము తెరచుకొనును.

రైల్వే మ్యూజియమును గూర్చియు చెప్పవలెను. 1899లో మొంబాసా నుండి ఇనుప దారి ఈ చిత్తడి నేలను చేరినప్పుడు ఇచ్చట పట్టణము లేదు. చల్లని నీరు అను అర్థమిచ్చు మసాయి మాట మాత్రముండెను. ఆ మాటయే నైరోబీ అయినది. ఆ దారిని వేయుటకు భారతదేశము నుండి సుమారు 32,000 మంది కూలీలు ఒడంబడిక మీద వెళ్ళిరి. వారిలో దాదాపు 2,500 మంది చనిపోయిరి. 6,700 మందికి పైగా అచ్చటనే నిలిచిపోయిరి. ఈ మ్యూజియమునకు తీసికొని పోయినప్పుడు సైతము అతిథిని ఎక్కువగా ఆకర్షించునది 1900లో రయల్ అను అధికారిని సింహము ఈడ్చుకొనిపోయిన పెట్టె. ఒక్క దొర మరణము కథయైనది; 2,500 మంది మరణము అంకెయైనది. సింహము లేని చావునకు శ్రోతలు తక్కువ. భారతీయ రచయితయైనను ఈ పాక్షికతను సరిదిద్దకున్నచో మరి ఎవరు సరిదిద్దుదురు? స్వాహిలీలో అంగడిని ‘దుకా’ అనుట, బండిని ‘గారి’ అనుట, చపాతిని చపాతి అనుట అతని చెవిని పడియే యుండును. 1956లో డాక్టర్ రాధాకృష్ణన్ ఆవిష్కరించిన గాంధీజీ విగ్రహము నైరోబీ విశ్వవిద్యాలయమున నేటికిని కలదు. ఈ జాడలు దర్శనీయ స్థలముల పట్టికలో అరుదుగా చేరును.

ఎన్నిక, క్రమము అటుండగా, పదజాలము మరింత సూక్ష్మమైనది. అనువాదకుల బాధ్యత ఇక్కడనే బరువగును. ‘సఫారీ’ అను మాట తెలుగులో వన్యమృగ దర్శనమను అర్థమున స్థిరపడినది. స్వాహిలీలో దానికి ప్రయాణమని మాత్రమే అర్థము. బస్సెక్కి పుట్టినింటికి పోవు స్త్రీ చేయునదియు సఫారీయే. అతిథి చేసిన ప్రయాణము మాత్రమే సఫారీ అను పేరునకు నోచుకొని, దేశీయుల ప్రయాణము ఆ పేరును కోల్పోవుట ఒక చిన్న అన్యాయము. ఇంతకంటె పెద్దది ‘తెగ’ అను మాట. గైడు ఆంగ్లమున ‘ట్రైబ్’ అని చెప్పును; తెలుగు రచయిత ‘గికూయు తెగ’, ‘లువో తెగ’ అని వ్రాసికొనును. నిఘంటువును బట్టి తప్పు లేదు. తెగ యనుట నింద కూడ కాదు. భారత రాజ్యాంగమున అది హక్కుల నొసగిన మాట. కాని తెలుగు చెవికి ఆ మాట కొండలను, అడవులను, కొలదిపాటి జనమును స్ఫురింపజేయును. 2019 లెక్కలలో గికూయులు 81 లక్షలకు పైబడినవారు. వారికి పత్రికలున్నవి, ఆచార్యులున్నారు, వారి భాషలో నవలలున్నవి. కొలది లక్షలమంది మాట్లాడు ఐరోపా భాషను ఒక జాతి భాష అని, 81 లక్షలమంది భాషను తెగ భాష అని వ్రాయు కలము ఎవరి కొలబద్దతో కొలుచుచున్నదో ఆలోచింపవలెను.

ఈ మాటకు ఒక పరీక్ష సిద్ధముగా నున్నది. 2017 జూలైలో కెన్యా ప్రభుత్వము భారతీయ సంతతివారితో కూడిన ఆసియా ప్రజలను ఆ దేశపు 44వ ‘ట్రైబ్’గా గుర్తించినది. అనగా నైరోబీలోని గుజరాతీ వర్తకుడును, పంజాబీ వైద్యుడును ఇప్పుడు ఆ పదము క్రిందికే వత్తురు. వారిని గూర్చి తెలుగున వ్రాయునప్పుడు ‘భారతీయ తెగ’ అని ఎవరైనను వ్రాయుదురా? వ్రాయరు. ‘అచ్చటి భారతీయులు’ అందురు. అట్లే ‘గికూయులు’, ‘లువోలు’, ‘గికూయు ప్రజలు’ అనిన చాలును. తనవారికి చెల్లని పదమును పరులకు వాడుటకు ముందు ఒక్క నిమేషము ఆగుట అనువాద ధర్మములలో మొదటిది.

ఇదంతయు గైడు మీది నింద కాదు. అతడు దినమునకు కొంత సొమ్ము తీసికొని, అతిథి కోరునని తెలిసినదానిని చూపు కష్టజీవి. తరచుగా అతనికి మూడు భాషలు వచ్చును: ఇంటి భాష, స్వాహిలీ, ఆంగ్లము. అతని కథ ఆంగ్లమున మాత్రమే సాగుచున్నదనగా తక్కిన రెండు భాషలలో అతనికి తెలిసినది అతిథిని చేరలేదని అర్థము. చేరకపోవుటకు కారణము సాధారణముగా అడుగకపోవుటయే. నీ తాతగారు ఏ నేలను దున్నిరి, ఈ వనమున కంచె పడకముందు ఇచ్చట పశువులను మేపినవారెవరు, నీ బిడ్డలు బడిలో ఏ భాష చదువుదురు అని అడిగినచో అతడు వేరొక నగరమును చూపగలడు. పార్కు మైదానములు ఒకప్పుడు మసాయివారు పశువులను తోలిన దారులు. 1904, 1911 సంవత్సరముల ఒప్పందములు ఆ ప్రజలను తమ మేత నేలలలో అధిక భాగమునుండి తరలించినవి. మృగ సంరక్షణ గొప్ప కార్యము. దాని వెల చెల్లించినవారి పేరును అదే పుటలో వ్రాసినందున దాని గొప్పతనము తగ్గదు.

తెలుగున ఇట్టి దృష్టికి పూర్వులు లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830, 1831 సంవత్సరములలో చేసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. ఆయన చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీ, వృత్తిచేతనే అనువాదకుడు. ఆయన దేవాలయముతోపాటు దారిని, బావిని, అంగడిలో దొరకు సరకును, మజిలీ మజిలీకి మారు మాటను, ఆచారమును వ్రాసికొనెను. దర్శనీయ స్థలము ఆయనకు గమ్యము. వ్రాయదగినది మాత్రము దారి పొడుగునను దొరకెను. ఆ కన్నుతో చూచినచో నైరోబీలో మతాతు బండ్లలో కిక్కిరిసి పోవు ఉద్యోగి, బియాషరా వీథిలోని బట్టల కొట్టు, జీవన్‌జీ తోటలో వాదులాడు జనము అధ్యాయమున ప్రవేశింతురు.

మరియొక విశేషము కలదు. నైరోబీ తెలుగు పాఠకునకు కొత్త ఊరు కాదు. 1977 డిసెంబరులో నిర్బంధింపబడి ఒక సంవత్సరము కామితి కారాగారమున ఉన్న గూగీ, ఆంగ్లమును విడిచి గికూయు భాషలో నవల వ్రాయుటకు అచ్చటనే పూనుకొనెను. వ్రాయుటకు చిక్కిన కాగితము మరుగుదొడ్డి కాగితమే. ఆ నవలయు, ఆ జైలు దినచర్యయు వరవరరావు అనువాదములుగా ‘మట్టికాళ్ళ మహారాక్షసి’, ‘బందీ’ అను పేర్లతో తెలుగులోనికి వచ్చినవి. కిమాతీని ఉరితీసిన ఆ గోడల లోపలనే ఆ నవల పుట్టెనని తెలిసిన పాఠకుడు బ్లిక్సెన్ ఇంటితో తృప్తి చెందడు. 2025 మే 28న గూగీ అమెరికాలో కన్నుమూసెను. ఆయన పుట్టిన లిమూరు నైరోబీకి ఒక పూట ప్రయాణములోపలి దూరము.

కనుక నైరోబీకి పోవు తెలుగు రచయితకు విమర్శ చెప్పదగినది ఇంతే. ఏనుగులను చూడవచ్చును, సింహమును వర్ణింపవచ్చును, పాఠకుడు సంతోషించును. ఆ పగటికి మరొక పూట కలిపి మెక్మిలన్ గ్రంథాలయపు మెట్లెక్కి, కిమాతీ విగ్రహము ముందు నిలిచి, గైడును అతని ఇంటి భాషను గూర్చి అడిగి వ్రాయవలెను. వ్రాసిన తరువాత ప్రతి ‘తెగ’ దగ్గరను ఆగి, ఆ చోట తెలుగువారి పేరు పెట్టి చదివి చూచుకొనవలెను. చెవికి ఒప్పినచో ఉంచవచ్చును. ఒప్పనిచో కొట్టివేసి ఆ ప్రజల పేరు వ్రాయవలెను.