డ్రమ్ సెట్ ధ్వనిముద్రణ: బోధనలో ఒక లోపము

వ్యతికరణమును బోధించునపుడు మనము విద్యార్థులకు శ్రుతిదండములను గాని, తొట్టిలోని నీటి అలలను గాని చూపుదుము. నేటి యువకులు పలువురు అదే వ్యతికరణమును తమకు తెలియకయే ఎదుర్కొను చోటు మరియొకటి కలదు. అది ధ్వనిముద్రణశాల. అందును డ్రమ్ సెట్‌ను రికార్డు చేయుట ప్రారంభకులకు గట్టి పరీక్ష.

గాత్రమునకు ఒక మైకు చాలును. డ్రమ్ సెట్ అట్లు కాదు. కాలితో మీట తొక్కి మ్రోగించు బేస్ డ్రమ్, అడుగు పొరపై లోహపు తీగలుండు స్నేర్, రెండు మూడు టామ్‌లు, లోహపు పళ్ళెముల వంటి సింబల్స్, పాదముతో మూసి తెరచు హై-హ్యాట్, ఇవన్నియు ఒక్క మనిషి చుట్టును క్రిక్కిరిసి యుండును. ఏ మైకును దేనికి పెట్టినను మిగిలినవాని ధ్వని అందులో దూరక మానదు. ఈ పనిని ప్రారంభకులకు నేర్పు తీరును పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

సాధారణముగా ఆ పాఠము ఒక పటముతో ప్రారంభమగును. పటములో ఎనిమిదో పదియో మైకులు: బేస్ డ్రమ్‌కు ఒకటి, స్నేర్‌కు పైన ఒకటి, క్రింద ఒకటి, ప్రతి టామ్‌కు ఒక్కొక్కటి, తలపైన రెండు. ఏ మైకు ఎన్ని అంగుళముల దూరమున, ఏ కోణమున నుండవలెనో వివరముగా చెప్పుదురు. ఈ పద్ధతిలో మేలు లేదనను. చేతికి పని దొరకును, భయము తీరును. స్థాయి మితిమీరి ధ్వని పగలకుండ కొంత జాగా విడువవలెనను మంచి అలవాటును కూడ ఇట్టి పాఠములే నేర్పుచున్నవి. కాని రుచి చూడనీయక కొలతలు మాత్రమే చెప్పి వంట నేర్పినచో ఏమగునో, ఇక్కడను అదియే జరుగుచున్నది.

కొంతకాలము క్రిందట నేను కొందరు విద్యార్థులతో ఇట్టి రెండు దినముల శిక్షణకు పోయితిని. పటము ప్రకారము మైకులన్నియు అమర్చిరి. ముద్రించినది వినుచుండగా ఒక విద్యార్థి, “పైనున్న మైకు ఒక్కటే వింటే స్నేర్ నిండుగా ఉంది. రెండోదీ కలిపితే డొల్లగా అయిపోతోందేమండీ?” అని అడిగెను. శిక్షకుడు “ఈక్వలైజరుతో సరిచేద్దాం లే” అని గంటసేపు మీటలు త్రిప్పెను. డొల్లతనము పోలేదు. ఆ విద్యార్థి దోషము తన చెవిదే యనుకొని మరల నోరు మెదపలేదు. నాకు బాధ కలిగించినది ధ్వని చెడుట కాదు, ఈ మౌనము.

భోజన విరామములో టేపు తెచ్చి కొలిచితిమి. తలపైనున్న రెండు మైకులలో ఒకటి స్నేర్‌కు 96 సెంటీమీటర్ల దూరమునను, రెండవది 130 సెంటీమీటర్ల దూరమునను ఉండెను. తేడా 34 సెంటీమీటర్లు. గాలిలో ధ్వని వేగము సెకనుకు సుమారు 340 మీటర్లు గనుక ఆ తేడాను దాటుటకు ఒక మిల్లీసెకను పట్టును. 500 హెర్ట్‌జ్‌ల ధ్వనిలో ఒక కంపనమునకు పట్టుకాలము 2 మిల్లీసెకనులు. అనగా రెండవ మైకునకు అది సరిగా అర్ధకంపనము ఆలస్యముగా చేరును. ఒకదానియొద్ద సంపీడన మున్నపుడు రెండవదానియొద్ద విరళీకరణ ముండును. రెంటిని సమబలముతో కలిపిన ఆ పౌనఃపున్యము అణగిపోవును. 1500, 2500 హెర్ట్‌జ్‌ల యొద్దను ఇదే గతి. 1000, 2000 ల యొద్ద మాత్రము రెండును తోడై బలపడును. ఇట్లు పండ్లూడిన దువ్వెనవలె నైన ధ్వనిని ఏ ఈక్వలైజరు బాగుచేయగలదు? లేనిదానిని పెంచుట సాధ్యము కాదు గదా! రెండవ మైకును కూడ 96 సెంటీమీటర్లకు తెచ్చితిమి. స్నేర్ నిండుగా పలికెను.

రెండవ లోపము, సూత్రములను కారణము లేకుండ అప్పగించుట. ‘మూటికి ఒకటి’ యను సూత్ర మొకటి కలదు. మైకు తన వాద్యమునకు ఎంత దూరమున నున్నదో, ఆ మైకునుండి ప్రక్క మైకు అంతకు మూడు రెట్లు దూరమున నుండవలెనని దాని విధి. బయలు ప్రదేశములో దూరము మూడు రెట్లయిన ధ్వని సుమారు 9.5 డెసిబెళ్ళు తగ్గును. కావున ప్రక్క మైకులో చొరబడు ధ్వని బలహీనమై అంతగా చెరుపు చేయదు. వేర్వేరు వాద్యములకు వేర్వేరు మైకులున్నపుడు ఇది పనికివచ్చును. ఒకే స్నేర్‌ను సమబలముతో అందుకొను తలపై జంటకు దీనిని చెప్పుట అర్థము లేని పని.

‘ఫేజ్’ మీట సంగతియు అంతే. అది తరంగమును తలక్రిందు చేయునే గాని కాలములో జరుపదు. స్నేర్‌ను కొట్టినపుడు పొరలు క్రిందికి కదలును; పై మైకునకు మొదట విరళీకరణము, క్రింది మైకునకు మొదట సంపీడనము చేరును. ఇక్కడ ఆ మీట సరియైన మందు. ఒక మిల్లీసెకను ఆలస్యమునకు అదే మందు వాడినచో 500 యొద్ద లోటు తీరి 1000 యొద్ద లోటు పుట్టును. రోగము చోటు మారినదే గాని కుదురలేదు.

మరి ఎట్లు నేర్పవలెను? మొదటి పాఠములో మైకే వలదు. విద్యార్థి వాద్యము చుట్టును నడచి వినవలెను. మృదంగమునకు నడుమనున్న నల్లని పూత వలన దాని అతిస్వరములు శ్రుతికి ఇముడునని సర్ సి. వి. రామన్ చూపెను. డ్రమ్ సెట్ పొరలకు అట్టి పూత లేదు. ఆదర్శమైన సమపొరలో రెండవ కంపనరీతి మూలస్వరమునకు 1.59 రెట్లుండును. కనుక పొరను బిగించుటలోనే సగము పని యున్నది. రెండవ పాఠమునకు ఒకే మైకు. మూడవ పాఠమునకు రెండు మైకులు, ఒక దారము.

దారమునకు చక్కని ఉదాహరణము గ్లిన్ జాన్స్ అను ఆంగ్ల ఇంజనీరు పద్ధతి. బేస్ డ్రమ్‌కు ఒక మైకు, స్నేర్‌కు పైన ఒకటి, నేలపై నిలుచు టామ్ ప్రక్కగా ఒకటి. చివరి రెండును స్నేర్‌కు సమదూరమున నుండును. 1969లో వెలువడిన లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమును ముద్రించినది ఆయనయే. అదే బృందము 1971లో వెలువరించిన ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ కొరకు ఆయన తమ్ముడు ఆండీ జాన్స్ హెడ్లీ గ్రేంజ్ అను పాత భవనమున మెట్లపైనుండి రెండే మైకులతో డ్రమ్ సెట్‌ను ముద్రించెను. అయితే ఇవియు మరి రెండు పటములుగా మారరాదు. ఆ మెట్లు, ఆ వాదకుని చేయి మనకు లేవు. కారణము మాత్రము మనకును ఒకటే.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే ప్రారంభింపవచ్చును. ఒక డప్పు, ఒక ఫోను చాలును. జానెడు దూరమున, గది మూలన, తలుపు వెలుపల ముద్రించి వినిపింపుడు. తేడా ఏమని అడుగుడు. ఒక బాలుడు “డొల్లగా ఉంది” అనినచో వాని మాటను కొట్టివేయక, కొలబద్ద చేతికిండు.