తూర్పుగాలికి పడమటి బాణం

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా పోతుంది. కార్తీకంలో ఆ దారిన బండి నడిపితే తూర్పుగాలి ఎదురొచ్చి కొడుతుంది. ఆ గాలిని బొమ్మ కట్టాలనే నేను పైథాన్ నేర్చుకున్నాను.

పైథాన్‌లో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో క్వివర్ అనే ఆదేశం ఉంది. క్వివర్ అంటే అమ్ములపొది. ఎంత చక్కటి పేరు! చోటు చెప్పే అంకెలు రెండు, అక్కడి గాలి తూర్పుకెంత, ఉత్తరానికెంత పోతోందో చెప్పే అంకెలు రెండు ఇస్తే బాణం గీస్తుంది.

తీరం వెంబడి వాతావరణ కేంద్రాల రీడింగులతో గీసిన మొదటి బొమ్మను వేటకెళ్లే మామకు చూపించాను.

"ఏంది అబ్బయా, తూర్పుగాలంటివి, బాణాలు సముద్రంలోకి పోతన్నాయే!"

మామ మాటే నిజం. రీడింగులో 90 డిగ్రీలంటే గాలి తూర్పు నుంచి వస్తోందని. మనమూ గాలికి వచ్చే దిక్కు పేరే పెడతాం. బాణం మాత్రం పోయే దిక్కు చూపాలి. డిగ్రీలను రేడియన్లు చేసి, వేగాన్ని సైనుతో ఒకసారి, కొసైనుతో ఒకసారి గుణించి, రెండిటి ముందూ మైనస్ పెట్టాలి. నేను పెట్టలేదు. 2023 డిసెంబరులో మన తీరాన్ని ఒరుసుకుంటూ పోయి బాపట్ల దగ్గర ఒడ్డెక్కిన మిచౌంగ్‌ను అలాగే గీస్తే, గడియారం ముల్లుకు ఎదురు తిరగాల్సిన తుపాను ముల్లుతో పాటే తిరుగుతుంది. భూమధ్యరేఖకు దక్షిణాన పుట్టిన తుపానైపోతుంది.

శ్రీహరికోట నుంచే 2009లో ఓషన్‌శాట్-2, 2016లో స్కాట్‌శాట్-1, 2022లో ఈఓఎస్-06 ఉపగ్రహాలు వెళ్లాయి. వాటిలోని స్కాటరోమీటర్ కడలి మీది చిన్న అలల గరుకును రాడార్‌తో పసిగట్టి గాలి లెక్క కడుతుంది. కొన్ని ఉపగ్రహాల ఫైళ్లలో దిక్కంటే గాలి పోయే దిక్కే. అక్కడ మైనస్ పెడితే తప్పు. ఫైలు వెంట వచ్చే వివరణ చదవకుండా గీయకూడదని నా గట్టి పట్టు.

బాణాలు కిక్కిరిస్తే నాలుగింటికొకటి ఉంచుతాను. సెకనుకు 10 మీటర్ల గాలికి బాణం ఎంత పొడవో మూలన చూపిస్తాను. అది లేని బొమ్మలో పైరగాలికీ పెనుగాలికీ తేడా తెలియదు. భద్రపరిచే సేవ్‌ఫిగ్ ముందు, చూపించే షో తర్వాత. షో తెరిచిన కిటికీ మూసేశాక సేవ్ చేస్తే మిగిలేది తెల్లకాగితమే. అచ్చుకు పీడీఎఫ్, ఫోన్లో పంపడానికి 300 డీపీఐ పీఎన్‌జీ. ఫైలు పేరులోనే తేదీ, గంట.

దిద్దిన బొమ్మ అచ్చు తీసి మామకిచ్చాను. బాణాల వెంట వేలు నడిపి, పులికాట్ మీద ఆగాడు.

"ఈడ ఒక్క బాణమూ లేదేంది?"

నా రీడింగుల్లో సరస్సు నడుమ చోటు ఒక్కటీ లేదు. అంకెలివ్వని చోట క్వివర్ ఏమీ గీయదు. ఈ ఆదివారం గాలివేగం కొలిచే పరికరం పట్టుకుని మామ పడవెక్కుతున్నాను.