రాధికాసాంత్వనము: కావ్యవిచారణలో పక్షపాతము

కావ్యమును తూచు త్రాసు ఒక్కటే కావలెను. వ్రాసినవాడు రాజైనను బంటైనను, పురుషుడైనను స్త్రీయైనను, పద్యము పద్యమే, రసము రసమే. ఈ న్యాయమును కాదను ఆలంకారికుడు లేడు. అయినను ఆంధ్రవాఙ్మయచరిత్రమున ఈ న్యాయము తప్పిన సందర్భములు కలవు. వానిలో మిక్కిలి స్పష్టమైనది ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమునకు పట్టిన గతి. ఆ కావ్యము పుట్టినది తమిళదేశమున. దానిని పునరుద్ధరించిన విదుషి పుట్టినది కన్నడదేశమున. కావున రాష్ట్రేతరాంధ్రుల సారస్వతచరిత్రమున దీనికొక ప్రత్యేకస్థానము కలదు.

తంజావూరు ఆస్థానమున స్త్రీలు కవిత్వము చెప్పుట ముద్దుపళనితో ఆరంభమైనది కాదు. 17వ శతాబ్దిలో రఘునాథనాయకుని కొలువున రామభద్రాంబ సంస్కృతమున రఘునాథాభ్యుదయమును, విజయరాఘవనాయకుని కొలువున రంగాజమ్మ తెలుగున మన్నారుదాసవిలాసమును రచించిరి. నాయకరాజ్యము అంతరించి మరాఠాలు ప్రభువులైన పిదపను తెలుగునకు ఆదరము తగ్గలేదు. మరాఠీ మాతృభాషగా గల శాహజి స్వయముగా తెలుగు యక్షగానములు వ్రాసెను. ప్రజల నోట తమిళము, రాజగృహమున మరాఠీ, శాస్త్రచర్చలో సంస్కృతము, సంగీతసాహిత్యములలో తెలుగు: ఇట్లు నాలుగు భాషలు ఒక్క పట్టణమున కలిసి మెలగినవి. మతవిషయమునను అట్టి ఔదార్యమే కనబడును. నాగూరు దర్గాలోని 131 అడుగుల పెద్ద మీనారును కట్టించినవాడు మరాఠా ప్రభువగు ప్రతాపసింహుడు. 1739 నుండి 1763 వరకు ఏలిన ఆ ప్రతాపసింహుని ఆస్థానముననే ముద్దుపళని వెలసెను.

ఇంతమాత్రమున ఆ కాలమును స్వర్ణయుగమని కీర్తించుట తగదు. వేదికపై నిలిచి విద్య ప్రదర్శించు అవకాశము ఆనాడు గణికలకే హెచ్చుగా లభించినది. గృహిణికి చదువు అందని సమాజమున గణికకు చదువు అబ్బుట గౌరవమునకు గుర్తు కాదు. స్త్రీజాతిని రెండు తెగలుగా చీల్చి, ఒక తెగకు మానమును, మరియొక తెగకు విద్యను పంచిపెట్టిన వ్యవస్థకు అది గుర్తు. ముద్దుపళని విద్యలు పొందిన తెగలో పుట్టెను. తరువాతి కాలము ఆమె విద్యను మరచి, మానమును మాత్రమే విచారణకు పెట్టెను.

ముద్దుపళని తన పుట్టుకను దాచుకొనలేదు. కావ్యావతారికలో తన అవ్వ తంజనాయకిని గౌరవముతో స్మరించెను. పండితులకు తాను ధనమిచ్చి సత్కరించిన సంగతిని, తనకు కృతులు అంకితమైన సంగతిని చెప్పి, తన వంటి స్త్రీలలో మరెవ్వరికి ఇట్టి భాగ్యము కలిగినదని ప్రశ్నించెను. పురుషకవులు అవతారికలలో స్వవంశమును, స్వప్రతిభను వర్ణించుకొనుట ప్రబంధమర్యాద. ఆ మర్యాదనే స్త్రీ పాటించినపుడు అది అహంకారముగా తోచినచో, దోషము పాటించినవారిది కాదు. ఆండాళ్ తమిళమున పాడిన తిరుప్పావైని తెలుగు చేసినది కూడ ఈమెయే. శృంగారమును, భక్తిని ఒకే కలము వ్రాయగలదనుటకు ఇది నిదర్శనము.

ఇక కావ్యము. దీనికి ఇళాదేవీయమను నామాంతరము కలదు. నాలుగు ఆశ్వాసములు, 584 పద్యములు. కథ చిన్నది. రాధ ఇళను తానే పెంచి, పెద్దదానిని చేసి, తన ప్రియుడైన కృష్ణునికిచ్చి తానే పెండ్లి చేయించును. తొలి సమాగమమునకు ముందు ఆ పిల్లకు బోధించును; ముగ్ధను మృదువుగా చూడవలెనని కృష్ణునికి హితము చెప్పును. అంతవరకు ఆమె పెద్దదిక్కు. తలుపు మూసికొన్న పిదప ఆమె ఒంటరి స్త్రీ. తాను చేయించిన పెండ్లియే తన గుండెలో ముల్లగును. చిలుకను రాయబారము పంపును, కోపించును, కుములును. తుదకు కృష్ణుడు వచ్చి ఆమెను ఓదార్చును.

ఈ రాధ పాత్రమే కావ్యమునకు ప్రాణము. ఈమె తొలియవ్వనము దాటిన స్త్రీ. తెలుగు ప్రబంధనాయిక సాధారణముగా ముగ్ధ. ఆమెకు అనుభవము ఉండదు, వర్ణన ఉండును. రాధకు అనుభవము కలదు. త్యాగము చేసిన గొప్పతనమును, ఆ త్యాగమును భరింపలేని బలహీనతయు ఒక్క హృదయముననే కలవు. తగునని ఎరిగి చేసిన పనికి పిదప ఏడ్చు మనిషిని చిత్రించుట తేలిక కాదు. కావ్యమునకు పెట్టిన పేరును గమనింపదగినది. అది కృష్ణవిజయము కాదు, రాధాపరిణయము కాదు, రాధను ఓదార్చుట. స్త్రీ మనస్సు కుదుటపడుటయే ఇందు ఫలసిద్ధి.

దోషములు లేకపోలేదు. దక్షిణాంధ్రయుగపు ప్రబంధములకు సామాన్యమైన అతివర్ణనము ఇందును కలదు. సంభోగవర్ణనములు కొన్ని రసమునకు కావలసినంతకంటె దీర్ఘములు. కాని ఈ దోషము ముద్దుపళనికి ప్రత్యేకము కాదు. ఆ యుగమున పురుషులు వ్రాసిన ప్రబంధములలో ఇంతకంటె హెచ్చుగానే కనబడును. క్షేత్రయ్య తన పదములలో నాయికయై, ఆమె కోరికను ఆమె నోటనే పలికించెను. దానిని లోకము మువ్వగోపాలునిపై మధురభక్తియని మెచ్చెను. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ కృష్ణుని శిరస్సును కాలితో తన్నెను. అది ప్రణయకోపచిత్రణమునకు మేలుబంతి యాయెను. పురుషుడు స్త్రీగొంతుతో పలికిన కోరిక భక్తి; స్త్రీ తన గొంతుతో పలికిన కోరిక అశ్లీలము! ఈ తేడాకు అలంకారశాస్త్రమున ఆధారము లేదు.

ఈ తేడాను చూపినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులు ముఖ్యులు. 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించి, సంఘముతో పోరాడిన మహనీయుడాయన. ముద్దుపళని పాండిత్యమును ఆయన నిరాకరింపలేదు. అయినను ఇందలి కొన్ని భాగములు స్త్రీలు పలుకుట యటుండగా వినుటకైన తగనివని ఆంధ్రకవుల చరిత్రమున తీర్పు చెప్పి, ఆమె జన్మవృత్తిని కావ్యదోషమునకు కారణముగా చూపెను. ఇచ్చట గమనింపదగినది ఆయన దుష్టుడనుట కాదు. దురభిమానము దుష్టులయందే వసించునను భ్రమ తొలగవలెను. స్త్రీని రక్షింపవలెనను సదుద్దేశమే, రక్షణకు అర్హురాలగు స్త్రీ ఎట్లుండవలెనో నిర్ణయించు అధికారముగా మారును. ఆ మూసలో ఇమడనిదానికి కరుణ లేదు. కవిత్వమునకు తావు లేదు.

ఈ తీర్పునకు సమాధానము చెప్పినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె 1878లో మైసూరు సీమలోని నంజనగూడున జన్మించి, సంగీతముతోపాటు కన్నడ, తెలుగు, సంస్కృతములు అభ్యసించిన విదుషి. ఆమెయు గణికాకులమునకు చెందినదే. అంతకుముందటి అచ్చుప్రతిలో కవయిత్రి తన వంశమును చెప్పుకొన్న పద్యములు లోపించుట గమనించి, వ్రాతప్రతిని సంపాదించి, పాఠము సరిచూచి, 1910లో చెన్నపట్టణమున వావిళ్లవారి ద్వారా సమగ్రముగా ప్రకటించెను. పీఠికలో ఆమె లేవదీసిన ప్రశ్న సూటియైనది: సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా? పంతులవారు పరిశీలించి పాఠ్యముగా అంగీకరించిన వైజయంతీవిలాసమున ఇంతకంటె పచ్చి శృంగారము లేదా? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము సాహిత్యరంగమునుండి రాలేదు; ప్రభుత్వమునుండి వచ్చెను. 1911లో పోలీసులు ప్రతులను స్వాధీనపరచుకొనిరి. పండితుల విన్నపములు ఫలింపలేదు. కవయిత్రి పరిచయపద్యములు లేక అచ్చయినంతకాలము రాని అల్లరి, స్త్రీ వ్రాసినదానిని స్త్రీయే సగౌరవముగా ప్రకటించినపుడు వచ్చినదన్నచో, నేరము పద్యములదా, పేర్లదా?

నాగరత్నమ్మకు ఇదే గోడ తిరువైయారున మరల ఎదురాయెను. త్యాగరాజస్వామి సమాధిస్థలమును ఉద్ధరించి, అచ్చట ఆలయము కట్టించుటకు ఆమె తన సొమ్ము వెచ్చించెను. కాని ఆరాధనోత్సవమున పాడు హక్కు స్త్రీలకు లేకపోయెను. తన ధనముతో నిలిచిన గుడిముందర తన గొంతు అపవిత్రమాయెను! 1927లో ఆమె స్త్రీలను కూర్చుకొని వేరుగా ఆరాధన జరిపెను. 1941 నాటికి పక్షములు ఏకమై, స్త్రీపురుషులు ఒక్కచోట పాడు పద్ధతి ఏర్పడెను. అన్యమతస్థుని వెలివేయుట మాత్రమే మతవిషయమున అసహనము కాదు; స్వమతముననే పుట్టుకను బట్టి, లింగమును బట్టి దేవునికి దూరము కొలుచుటయు అసహనమే. తెలుగున పాడి తమిళదేశమున తరించిన త్యాగయ్య పేరిట అది జరుగుట మరింత శోచనీయము.

టంగుటూరి ప్రకాశము పంతులు చెన్నరాజధాని ప్రధానిగా నున్న 1946-47 కాలమున కావ్యముపై నిషేధము తొలగెను. 1952లో వావిళ్లవారు మరల ముద్రించిరి. ఆ యేడే నాగరత్నమ్మ కాలధర్మము చెందెను. ఆమె సమాధి తిరువైయారున త్యాగరాజస్వామి సన్నిధికి చేరువనే కలదు. 1991లో సూసీ థారు, కె. లలితల సంపాదకత్వమున వెలువడిన భారతీయ స్త్రీల రచనాసంకలనముతో ముద్దుపళని పేరు ఆంగ్లపాఠకులకును సుపరిచితమాయెను. ఇంటివారు వెలివేసిన కవయిత్రిని పొరుగువారు పలుకరించిన పిదప ఇంటివారు మేల్కొనుట ఈ కథలోని విషాదము.

ఈ చరిత్రము నేర్పు పరీక్ష ఒకటి కలదు. పద్యమునుండి కవి పేరు తీసివేసి చదువవలెను. పిదప స్త్రీపేరు పెట్టి ఒకసారి, పురుషుని పేరు పెట్టి ఒకసారి చదువవలెను. తీర్పు మారినచో మారినది పద్యము కాదు. ఈ పరీక్ష కావ్యములకే పరిమితము కాదు. సభలో మాటాడు స్త్రీని, వేరు కులమువానిని, వేరు మతమువానిని విచారించునపుడును ఇదియే కొలత.

తమిళులనడుమ, కన్నడిగులనడుమ, ఒడియా మరాఠీ సోదరులనడుమ నివసించు ఆంధ్రులు తమ భాషకు న్యాయము కావలెనని అడుగుదురు. అది ధర్మమే. అల్పసంఖ్యాకులకు న్యాయము కోరువారు తమ ఇంట అల్పులుగా ఎంచబడినవారికి ముందు న్యాయము చేయవలెను. రాష్ట్రేతరాంధ్ర బాలబాలికల వాచకములలో తంజావూరి కవయిత్రుల పేర్లు, నాగరత్నమ్మ చరిత్రము, వారి వయస్సునకు తగిన పద్యములతో చేరినపుడు ఆ న్యాయమునకు తొలి అడుగు పడును.