కొయ్యబొమ్మ అడిగిన ప్రశ్న

మాట వినే పిల్లవాడే మంచి పిల్లవాడని మనం బడిలో రోజూ చెబుతాం. గిల్లెర్మో డెల్ టోరో, మార్క్ గుస్టాఫ్సన్ కలిసి తీసిన 'పినోకియో' (2022) చూశాక ఆ మాట అంత తేలిగ్గా నోట రాదు.

ఇటలీ రచయిత కార్లో కొల్లోడి 1881లో ఒక పిల్లల పత్రికలో మొదలుపెట్టిన కథ ఇది. అందులో కొయ్యబొమ్మ అల్లరి మాని, కష్టపడి తండ్రిని సాకి, చివరికి నిజమైన బాలుడవుతాడు. సినిమా ఆ కథను ముస్సోలినీ ఏలుతున్న ఇటలీకి తెచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో చర్చి మీద పడిన బాంబుకు జెపెట్టో కొడుకు కార్లో చనిపోతాడు. ఆ సమాధి పక్కన పెరిగిన చెట్టును తండ్రి తాగిన మైకంలో నరికి బొమ్మ చెక్కుతాడు. చర్చిలో సిలువ మీది క్రీస్తు విగ్రహాన్ని చెక్కినదీ అతనే. ఆయనా కొయ్యతో చేసినవాడే కదా, ఆయనను ప్రేమించే జనం తనను ఎందుకు అసహ్యించుకుంటున్నారని పినోకియో తండ్రిని అడుగుతాడు. ఇది భక్తిని వెక్కిరించడం కాదు. దేవుడి ముందు మోకరిల్లి, పక్కనున్న పిల్లవాణ్ని దయ్యమనే మనసును నిలదీయడం.

మూలకథలో బడి ఎగ్గొట్టిన పిల్లలు ఆటల దేశానికి పోయి గాడిదలవుతారు. సినిమాలో ఆ చోట సైనిక శిక్షణ శిబిరం ఉంది. ఈ మార్పే సినిమాకు ప్రాణం. చావులేని బొమ్మ మంచి సైనికుడవుతాడని ఊరి అధికారి లెక్క. అతను తన కొడుకు క్యాండిల్‌విక్‌ను స్నేహితుడైన పినోకియోను కాల్చమంటాడు. ఆ పిల్లవాడు కాల్చడు. అక్కడ తండ్రి మాట వినకపోవడమే మంచితనం.

ఒక లోటు మాత్రం చెప్పాలి. పినోకియో బడికి బయలుదేరతాడు గానీ లోపల అడుగుపెట్టడు. దారిలోనే ఆటగాడు వోల్పే అతన్ని మభ్యపెట్టి తీసుకుపోతాడు. అందువల్ల శిబిరం కనిపిస్తుంది, తరగతి గది కనిపించదు. నిజానికి ఆ ప్రభుత్వం 1930లో ప్రాథమిక బడులకు తాను అచ్చువేసిన ఒకే పాఠ్యపుస్తకం పెట్టింది. పిల్లల్ని శిబిరానికి సిద్ధం చేయడం బడిలోనే మొదలైంది. ఉపాధ్యాయులుగా మనం చూడవలసిన దృశ్యం అది.

మన తరగతుల సంగతేమిటి? 'చేతులు కట్టుకో, నోటి మీద వేలేసుకో' అంటాం. కోయలోనో, కువిలోనో, సవరలోనో జవాబు చెప్పిన పిల్లను 'తెలుగులో చెప్పు' అని గదమాయిస్తాం. మనమూ ఆ భాషల ఇళ్లలో పుట్టినవాళ్లమే. పినోకియోలో కార్లోను వెతికిన జెపెట్టో చివరికి తన తప్పు ఒప్పుకుంటాడు. మనమింకా పిల్లల్లో వేరెవరినో వెతుకుతున్నాం.

ఇందులో చావులు చాలా ఉన్నాయి కనుక మరీ చిన్నపిల్లలకు వద్దు. ఎనిమిదో తరగతి దాటినవాళ్లతో కూర్చుని చూడండి. అయిపోయాక ప్రశ్నలు మనం వేయకుండా, వాళ్లను అడగనిద్దాం. ఏ భాషలో అడిగినా సరే.