‘ఆమ్’ అంటే ఎవరు? బాగ్-ఏ-ఆమ్‌ను వాడ నుంచి చదవడం

హైదరాబాదు నడిబొడ్డున, నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో వున్న పబ్లిక్ గార్డెన్స్ మీద వచ్చిన రాతలు దాదాపు అన్నీ ఒకే తీరుగ వుంటయి. 1846లో వేసిన తోట అంటరు. పాత పేరు బాగ్-ఏ-ఆమ్ అంటరు. నిజాం ప్రభువు ప్రజల కోసం ఇచ్చిండంటరు. ఆ తర్వాత భవనాల చిట్టా మొదలైతది: 1905లో మొదలుపెట్టి 1913లో పూర్తిచేసిన టౌన్‌హాలు, అదే తర్వాత శాసనసభ భవనం అయింది, జూబిలీ హాలు, పురావస్తు మ్యూజియం, షాహీ మసీదు, బాలభవన్. ఈ రాతల్లో గుమ్మటాలుంటయి, చెట్లుంటయి. తోట లోపలికి వచ్చే మనిషి ఏ వాడ నుంచి వచ్చిండన్న ప్రశ్న మాత్రం వుండదు. పొద్దుగాల్నే ఆకులు ఊడ్చే ఆమె, కలుపు తీసే అతను అసలే కనపడరు.

మేము అడిగేది ఒక్కటే. ‘ఆమ్’ అంటే ఎవరు? ‘ఖాస్’ వున్నచోటనే ‘ఆమ్’ అనే మాట పుడతది. దర్బారులో కొద్దిమందికి ఒక గది, మందికి ఒక గది. అంటే ప్రభువు తనకు వున్నదాంట్లోంచి కొంత తీసి జనానికి ఇచ్చిండన్నమాట. ఇచ్చినోడు దాత, తీసుకున్నోడు కృతజ్ఞుడు. తోట గురించి రాసే ప్రతి రచయితా ఇప్పటికీ ఈ దాత కథనే తిరగరాస్తున్నడు. దాన్ని తిరగేసి చదవాల్సిన అవసరం వుంది.

జనగామ, మానుకోట, భూపాలపల్లి ఊర్ల నుంచి పట్నం పోయినోళ్లకు ఈ తోట ఇంకోరకంగ అర్థమైతది. దొరల గడీల ముందు చెప్పులు చేతపట్టుకొని నడిచిన తాతల మనవలం మనం. ఊరు నడుమ బావి ‘అందరిదీ’ అన్నరు, చేద ముట్టనియ్యలేదు. రచ్చబండ ‘ఊరిది’ అన్నరు, దాని మీద కూర్చోనియ్యలేదు. చాయ్ హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టిండ్రు. అట్లాంటి ఊరి నుంచి పరీక్షకో, ఆఫీసు పనికో, ఆసుపత్రికో వచ్చినోడు ఈ చెట్ల కింద సద్దిమూట విప్పితే ఏ బెంచీ కులం అడగదు. ఇది చిన్న విషయం కాదు. దళితునికి కూలి దొరికే చోటుంది, తిట్లు దొరికే చోటుంది. ఊరికెనే కూసునే చోటే లేకుండె. విశ్రాంతి కూడా కులం లెక్కన పంచబడ్డ ఆస్తే.

అయితే ఎవరూ అడగకపోవడం వేరు, హక్కు వుండడం వేరు. పట్నంలో కులం తెలవదు కాబట్టి అడగరు. తెలిసిన ఊర్ల అడుగుతరు. ఈ తేడాను మొదలు పట్టుకున్నది తోట కట్టినోళ్లు కాదు, దళిత ఉద్యమం. టౌన్‌హాలు గోడలు లేస్తున్న ఆ సంవత్సరాల్లోనే, అదే నగరంలో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టిండు. 1911లో మాన్య సంఘం నడిపిండు. హరికథలతోటి, ఉపన్యాసాలతోటి వాడల్లో ఒక కొత్త ‘పబ్లిక్’ను తయారుచేసిండు. తోట చరిత్రలో ఈ పబ్లిక్‌కు చోటెందుకు లేదు?

ఇక 1948 నవంబర్ 29 దగ్గరికి వద్దాం. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసి రెండున్నర నెలలు కూడా కాలేదు. ఢిల్లీలో రాజ్యాంగసభ, తర్వాత 15వ అధికరణం అయిన నిబంధనను చర్చిస్తున్నది. పార్కులు, తోటలు, మ్యూజియాలు, రోడ్లు, బావులు అని పేరుపేరున రాయాలని కె.టి. షా సవరణ పెట్టిండు. సభ ఒప్పుకోలేదు. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే స్థలాలు అనే మాటలతోటి నిబంధన నిలిచింది. రాజ్యం సొమ్ముతోటి పూర్తిగానో కొంతగానో నడిచేవి, ప్రజల వాడకానికి అంకితమైనవి అందులోకి వస్తయి. ‘ప్రజలు చేరే స్థలం’లో శ్మశానం కూడా వస్తదా అన్నది కర్నూలు ప్రాంతపు దళిత సభ్యుడు ఎస్. నాగప్ప లేవనెత్తిన ప్రశ్న. ప్రజాధనంతోటి నడిచేదైతే వస్తదని అంబేద్కర్ జవాబిచ్చిండు.

మన తెలుగు దళితుడు తోట కోసం గాక బొందలగడ్డ కోసం ఎందుకు అడిగిండో మనకు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. సచ్చినంక కూడా ఊరికి దూరంగనే పండాల్సిన బతుకు నుంచి వచ్చిన ప్రశ్న అది. తోటను దానం నుంచి తప్పించి హక్కులోకి తెచ్చింది నిజాం ఫర్మానా కాదు, ఈ నిబంధన. పబ్లిక్ గార్డెన్స్ అసలు చరిత్ర ఇక్కడ మొదలైతదని మా వాదన.

ఈ వాదనకు ఇవాళ పని వుంది. 2019లో మొదలైన పల్లెప్రగతి పేరుతోటి తెలంగాణ ఊర్లల్ల పల్లె ప్రకృతి వనాలు, వైకుంఠధామాలు కట్టిండ్రు. అంటే షా అడిగిన తోట, నాగప్ప అడిగిన శ్మశానం, రెండూ ప్రజాధనంతోటి మన ఊరికే వచ్చినయి. బోర్డు మీద ‘ప్రకృతి’ అని రాస్తే సరిపోదు. ఆ జాగ అంతకుముందు ఎవరి సాగుల వుండె? మొక్కలకు నీళ్లు పోసే చేతులు ఎవరివి, సాయంత్రం బెంచీ మీద కూసునే ఒళ్లు ఎవరిది? వైకుంఠధామంల మాదిగోల్ల పీనుగుకు, రెడ్డి పీనుగుకు ఒకటే దిమ్మెనా? విద్యార్థులు, టీచర్లు ఊరూరా ఇవి అడిగి రాసుకోవాలె. అది మ్యూజియం చిట్టా కంటే విలువైన చరిత్ర అయితది.

స్టేషన్ ఘన్‌పూర్ దళిత రిజర్వుడు స్థానం. మానుకోట, డోర్నకల్ గిరిజన రిజర్వుడు స్థానాలు. అక్కడ గెలిచినోళ్లు కూసునే సభ ఈ తోట జాగలనే వుంది. వాళ్లను పంపిన జనం మాత్రం పోలీసు గేటు ముందు అర్జీ పట్టుకొని నిలబడాలె. గేటుకు అటు ‘ఖాస్’, ఇటు ‘ఆమ్’. పాత దర్బారు పద్ధతి పోయిందని ఎట్లనుకుందాం? తోటను చూడటానికి పోయేవాళ్లు గుమ్మటంతో పాటు ఆ గేటును కూడా చూడాలె.